తీజ్ సెలవు

కోదాడలోని ఆ ప్రసూతి ఆసుపత్రిలో శ్రావణమాసం వస్తోందంటే హెడ్ నర్సు శాంతమ్మకు గుండెల్లో రాయి పడేది. తండాల నుంచి వచ్చిన నర్సులు ఏటా అప్పుడే మానేసేవారు. నెల తిరక్కుండా మిర్యాలగూడలోనో సూర్యాపేటలోనో చేరేవారు. మేనేజర్ ధనుంజయ్ మాత్రం ఈ కాలం పిల్లలకు నిలకడ లేదని తేల్చేసి, 'నర్సులు కావలెను' అని ఊరంతా కాగితాలు అంటించేవాడు. గోడలు నిండాయి గానీ వార్డు నిండలేదు.

ఈసారి వంతు వనితది. నడిగూడెం దగ్గరి తండా పిల్ల. పురిటినొప్పులతో వచ్చిన లంబాడా ఆడవాళ్లకు వాళ్ల మాటలోనే ధైర్యం చెబుతుంది. ఆ పిల్ల పోతే శాంతమ్మకు కుడి భుజం పోయినట్టే.

"తీజ్‌కు తొమ్మిది రోజులు సెలవడిగితే సార్ ఇయ్యనన్నడు మేడం. పోతే ఇగ రావద్దన్నడు. నేను పోతున్న," అంది వనిత.

"పండక్కి ఒక్కరోజు చాలదా?"

"బుట్టల గోధుమలు సల్లి, మొలకలు ఎదిగేదాక పొద్దుగాల, మాపటికి నీళ్లు పొయ్యాలె. మాఘంల నా పెండ్లి. పెండ్లయినంక బుట్ట ముట్టరాదు. ఈ ఏడుతోని నాకు తీజ్ ఖతం."

శాంతమ్మ ఆలోచించి, తనకు తానే మురిసిపోతూ ఉపాయం చెప్పింది. "బుట్ట మన ఆసుపత్రి డాబా మీద పెట్టుకో. నువ్వు డ్యూటీలో ఉంటే నీళ్లు నేను పోస్తాను."

వనిత ఫక్కున నవ్వింది. "పెండ్లిగాని పిల్లలే పొయ్యాలె మేడం. మీకు మనవడు పుట్టిండు గదా."

శాంతమ్మకూ నవ్వొచ్చింది. వెంటనే మనసు చివుక్కుమంది. క్రిస్మస్ పొద్దున చర్చిలో పాట మొదలయ్యే వేళకు తాను ఏటా ఈ వార్డులోనే బీపీలు చూస్తుంటుంది. సెలవు అడగడం ఎప్పుడో మానేసింది. ధనుంజయ్ దాన్నే నిలకడ అనుకుంటున్నాడు.

ఆమె తిన్నగా అతని గదికి వెళ్లింది. "వనితకు సెలవివ్వండి. ఆమె డ్యూటీ నేను చేస్తాను. కుదరదంటే చెప్పండి, నా స్థానానికి కూడా ఓ కాగితం అంటించుకుందురు."

ధనుంజయ్ సెలవు చీటీ మీద సంతకం పెట్టాడు. "ఆ పిల్ల తిరిగి రాకపోతే పూచీ మీదేనమ్మా," అన్నాడు.

రెండు డ్యూటీలతో శాంతమ్మ మోకాళ్లు మొరాయించాయి. వనిత రాదేమోనన్న దిగులు అంతకన్నా ఎక్కువ బాధించింది. సెలవు ముగిసిన పొద్దున పదిసార్లు గేటు వైపు చూసింది.

వనిత వచ్చింది. మొలకల్ని నీళ్లలో కలిపేవేళ పాడీ ఏడ్చీ గొంతు బొంగురుపోయింది. తెచ్చిన లేత మొలకల్ని శాంతమ్మ కొప్పులో తురిమింది. పక్కన ఇంకో అమ్మాయి ఉంది.

"మా సిన్నాయన బిడ్డ మంగ్లీ, మేడం. నర్సే. తీజ్‌కు ఒచ్చినందుకు మిర్యాలగూడల పనిలకెల్లి తీసేసిండ్రు."

"గీడ సెలవిస్తరని తండల చెప్పింది అక్క," అంది మంగ్లీ బెరుకుగా. "నన్ను పెట్టుకుంటే క్రిస్మస్ నాడు మేమిద్దరం ఉంటం. మీరు చర్చికి పోండ్రి."

శాంతమ్మ కళ్లు నిండాయి. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెతో అన్నవాళ్లు లేరు. మొలకలు జారకుండా కొప్పు సర్దుకుని, మంగ్లీని వెంటబెట్టుకుని ధనుంజయ్ గదికి వెళ్లింది.

"గోడ మీది కాగితం ఒకటి పీకేయండి," అంది. డిసెంబరుకు తన సెలవు కూడా అప్పుడే అడిగింది.