ఉతికిన పొత్తిగుడ్డ

నా బిడ్డ కూడా వాళ్ల అన్నలాగే ఎన్నడూ నన్ను అమ్మా అని పిలవదేమో. నా భయమంతా అదే.

పెద్దవాడు కిష్టప్పకు ఐదేళ్లు వచ్చినా మాట రాలేదు. వాడి ఉచ్చ ఎలుకల వాసన వస్తుందని చెబితే, వికారాబాదు దవాఖానాకు వచ్చిన పట్నం డాక్టరమ్మ చప్పున తలెత్తింది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చే రోగమట, మేనరికాల్లో ఎక్కువట. వాడికి ఇక మందు లేదంది. పుట్టబోయే బిడ్డకు నెల నిండాక తడిసిన పొత్తిగుడ్డ తెమ్మంది. మందు చుక్క వేస్తే అది ఆకుపచ్చగా మారితే అదే రోగం. ముందే తెలిస్తే తల్లిపాలతో సహా తిండి మార్చి కాపాడవచ్చట.

నెల నిండినా బాలింతనని నన్ను గడప దాటనివ్వలేదు. మా ఆయన, అంటే నా మేనమామే, గుడ్డ మూట పట్టుకొని తాండూరులో రైలెక్కాడు. సాయంత్రం ముఖం వేలాడేసుకొని వచ్చాడు.

"డాక్టరమ్మ వాసన చూసి, గిది కుంకుడుకాయతోని ఉతికిన గుడ్డ, దీన్ల నేనేం చూడాలె అన్నది."

అత్త వైపు చూశాను. నన్ను పెంచిన అమ్మమ్మ కూడా ఆమే.

"మైలగుడ్డ డాక్టరమ్మ చేతుల పెడ్తరానె? మన ఇజ్జత్ పోదా? మంచిగ ఉతికి ఆరేసి ఇచ్చిన," అంది.

"రేపు తడిది తీస్కపో మామా."

"ఆమె నా ముంగటనే పట్నం బండెక్కింది. మల్లెప్పుడొస్తదో ఎవ్వరికి ఎరుకలేదు."

బిడ్డ ఏడ్చింది. పాలివ్వాలో వద్దో తెలియకుండానే ఒళ్లోకి తీసుకున్నాను. గుడ్డ తడిసింది. వాసన చూసే ధైర్యం చాల్లేదు.

వికారాబాదులో ఉండేవారెవరైనా ఇది చదివితే, ఆ డాక్టరమ్మ తిరిగి వచ్చిందేమో దవాఖానాలో ఒక్కసారి చూసి కబురు పెట్టండి.