దిసమొల నీడ

పొద్దున పూరీల మూకుడు దించి మధ్యాహ్నానికి అన్నం ఎసరు పెట్టేసరికి సంపూర్ణకు నడుము విరిగినట్టవుతుంది. ములకలపల్లి బస్టాండు పక్కన రేకుల షెడ్డు కింద ఆమె హోటల్. చిట్టీలు కట్టుకుంటూ, ఒక్కో రేకు కొని వేయించుకున్న షెడ్డు. కొత్తగూడెం బస్సు వచ్చినప్పుడల్లా తలెత్తి చూస్తుంది. హైదరాబాదులో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే కొడుకు బెంజమిన్ చెప్పకుండా వాయిదాల మీద ఇంకేం కొన్నాడో అని ఆమె బెంగ.

ఆ రోజు పొద్దు వాలుతుండగా వాడు బస్సు దిగాడు. తెల్లబూట్లు, జీన్సు ప్యాంటు, చారల చొక్కా.

వాయిదాల మీద కొన్న వస్తువుకు ఆఖరి వాయిదా కట్టేదాకా నీడ పడదు. ట్రాక్టరుకైనా అంతే, మిక్సీకైనా అంతే. బెంజమిన్ ఒంటి మీదివన్నీ వాయిదాలవే. అందుకని తారురోడ్డు మీద వాడి నీడ దిసమొలతో నడిచొచ్చింది.

చాయ్ తాగుతున్న ముసలి పూలి ముఖం తిప్పుకుంది. "మొలతాడన్నా రొక్కమిచ్చి కొనుక్కోకపోతివా, బిడ్డా!"

"పట్నంల ఎవ్వరూ కిందికి చూడరు, అవ్వా."

సంపూర్ణ ఎదురెళ్లి కొంగు పరిచి పట్టుకుని నడిచింది. చీర పాతదే అయినా దాని నీడ చిక్కగా పడి కొడుకు నీడను కప్పింది.

అన్నం తింటూ వాడు అసలు ముచ్చట తీశాడు. "బండి తీసుకుంటున్ననమ్మా. నా పేరు మీద ఇంక అప్పు ఇయ్యరట. షెడ్డు జమానతు పెట్టి నువ్వు సంతకం చేస్తే చాలు."

"ఆడ బస్సుల్లేవారా?"

"అందరికీ బండ్లున్నయ్. నేనొక్కన్నే బస్సుల వేలాడుతున్న."

"జీతం మిగుల్తందా?"

"పదో తారీఖు దాకా మంచిగనే ఉంటది."

వద్దంటే ఇంకెక్కడ అడుగుతాడో, సరేనంటే ఎక్కడిదాకా పోతాడో! ఆ రాత్రి ప్రార్థనలో కూడా ఆమెకు అవే ఆలోచనలు.

మర్నాడు మధ్యాహ్నం అప్పులిచ్చే కంపెనీ ఏజెంటు కాగితాలు తెచ్చాడు. సంపూర్ణ చేతులు తుడుచుకుని మొదటి అక్షరం రాసింది. షెడ్డు కింద నీడ పలచబడింది. రెండో అక్షరానికి బల్లల మీద ఎండ పడింది. పైన రేకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తింటున్న కూలీలు ప్లేట్లు పట్టుకుని ఎదురు వేపచెట్టు కిందికి పోయారు.

బెంజమిన్ తల్లిని చూశాడు. వెనక పొయ్యి సెగ, పైన ఎండ. నెరిసిన పాపిట్లోంచి చెమట కారి కాగితం మీద పడుతోంది. అయినా ఆమె రాస్తూనే ఉంది.

"ఆపమ్మా!" అంటూ కలం లాక్కున్నాడు.

"జల్దీ కానియ్ రా, కూర మాడుతంది."

"బండొద్దు. ఏమొద్దు."

ఏజెంటు విసుక్కుంటూ కాగితం చింపేశాడు. నీడ మెల్లగా మళ్లీ బల్లల మీదికి పాకింది. కూలీలు తిరిగొచ్చి కూర అడిగారు. మాడిందే వడ్డించింది.

అప్పటినుంచి జీతం వచ్చిన రోజున బెంజమిన్ హాస్టల్ డాబా మీద ఎండలో నిలబడి, వీడియో కాల్‌లో నేలను చూపించేవాడు. ముందు ప్యాంటు బాకీ తీరింది. "సిగ్గు దక్కింది" అంది పూలి. వానలు వెనకబట్టాక బూట్లవీ తీరాయి.

చలికాలంలో ఒక పొద్దున ఫోను మోగింది. నేల మీది నీడకు చొక్కా అంచులు గాలికి ఎగురుతున్నాయి.

"కనబడ్తుందా అమ్మా?"

సంపూర్ణ పొయ్యి మంట తగ్గించి, ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"అవ్ బిడ్డా. గుండీలు పెట్టుకో, సలి పెడ్తది."