గడువు నాలుగు నెలలే

మామిడికుదురులో కువైట్ వీసా రూల్సు తెలియనివాడు లేడు. పాస్‌పోర్టు మొహం చూడనివాడు కూడా టీకొట్టు బల్ల మీద కూర్చుని చెప్పేస్తాడు: సెలవు మీద వచ్చినవాళ్లకి ఆర్నెల్లు గడువు, అది దాటితే అకామా పోతుంది, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం ఇక చెల్లదు. పార్వతీ ఆ లెక్కే నమ్మింది. పదకొండేళ్లుగా అక్కడ ఇంటిపని చేస్తున్న మనిషి, తనకి ఒకరు చెప్పాలా అనుకుంది.

మొగుడు అబ్బులు పోయాడని కబురందితే వచ్చింది. పెదకార్యం కాగానే వెళ్లిపోదామనుకుంది. అక్కడ మరో ఇంట్లో కూతురు నాగదుర్గ పనిలో ఉంది. ఆ చోటు చూసిపెట్టింది పార్వతే. ఆ ఇంటి పెద్దకొడుకు చూపు మంచిది కాదు. "నా గదికి గొళ్లెం లేదమ్మా, నువ్వొచ్చి మీ మేడంతో చెప్పించి నన్ను మార్పించు" అని పిల్ల రోజూ ఫోనులో ఏడుస్తోంది. యజమాని ఒప్పుకుంటేగాని అకామా ఇంకో ఇంటికి మారదు. తను పనిచేసే ఇంటి మేడం చేత వాళ్లని ఒప్పించగలిగే దారి పార్వతి ఒక్కతే.

అత్త అచ్చమ్మ కదలనివ్వలేదు. మొగుడు పోయిన ఆడది మూల కూర్చోవాలి. బేసి నెలలో దేవుడి సన్నిధిలో ఓ రాత్రి నిద్ర చేశాకే నలుగురిలోకి రావాలి. మూడో నెలలో చేయిద్దామంటే మూఢం అడ్డొచ్చింది.

"ఐదో నెల్లో అంతర్వేదిలో నిద్ర చేసొచ్చి వెళ్దువుగాని. ఆర్నెల్లుందన్నావు కదా!" అంది అచ్చమ్మ.

పార్వతి తల ఊపింది. ఊరి నోటికి జడిసింది, అదీ నిజం. "ఇంకొన్నాళ్లు ఓర్చుకో, వచ్చేత్తన్నాను" అని కూతురికి చెబుతూనే నాలుగు నెలలు గోడకి ఆనుకుని కూర్చుంది.

అంతర్వేది నుంచి వచ్చిన మర్నాడే టికెట్టు కోసం అమలాపురం వెళ్లింది. ట్రావెల్స్ నడిపే విజయకుమార్ కంప్యూటర్లో ఆమె అకామా నంబరు కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"మీ అకామా కేన్సిలైపోయిందండి."

"ఆర్నెల్లు కాలేదు కదండీ బాబూ!"

"ఇంటిపనోళ్లకి రూలు మార్చేరండి. నాలుగు నెలలే. మీ మేడం ముందుగా అర్జీ పెట్టుంటే ఉండేదండి. వారం దాటిపోయిందండి."

అక్కడి నుంచే మేడంకి ఫోన్ చేసింది. వేరే మనిషిని పెట్టుకున్నాను, దేవుడు నీకు మేలు చేస్తాడు అని ఆవిడ పెట్టేసింది. మూఢం ఎప్పటికి వదులుతుందో లెక్కకట్టినవాళ్లున్నారు. ఆ పిల్ల ఎన్ని రాత్రులు భయపడిందో లెక్కకట్టినవాళ్లు ఒక్కరూ లేరు. పార్వతికి అందరికన్నా తన మీదే అసహ్యం వేసింది.

బస్టాండులో ఫోను మోగింది.

"టికెట్టు తీసేవా అమ్మా? ఏ రోజు?"

పార్వతి దాచకుండా చెప్పేసింది. "నువ్వు ఆ ఇంట్లోంచి వచ్చెయ్యి తల్లీ. తిన్నగా ఎంబసీకి పో."

"పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుంది కదమ్మా. పారిపోయిందని కేసు పెడతారు. ఎంబసీ ఎటుందో కూడా నాకు తెలీదు."

పార్వతి పదిమందిలో భోరుమంది.

"ఏడవకే అమ్మా," అంది నాగదుర్గ. "ఇవాళ మంచంతోపాటు బీరువా కూడా తలుపుకి అడ్డం జరుపుతాన్లే. నిన్న ఒక్క మంచానికి తలుపు ఆగలేదు."