ఊచ లేని కడవమ్మ

మ్యూజియంలో ఆవిణ్ణి అందరూ మేకులక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ గోడకెక్కిన ప్రతి పటమూ, అద్దాల పెట్టెలో కుదురుకున్న ప్రతి బొమ్మా ఆవిడ చేతుల మీదుగా వెళ్ళినవే. ఏది ఎక్కడ పెట్టాలో పెద్దలు చెబుతారు. పడకుండా ఎలా పెట్టాలో ఆవిడ చూసుకుంటుంది. పని సవ్యంగా జరిగితే ఎవరి కంటికీ ఆనదు. ఏ పటమో అరంగుళం వాలిందా, దారినపోయే దానయ్య కూడా ఆగి మరీ చెప్పిపోతాడు.

ఆ మ్యూజియానికి ముద్దుబిడ్డ కడవమ్మ. రెండున్నర అడుగుల కంచు విగ్రహం. లోపల గుల్లే అయినా ఇద్దరు పడితే గాని లేవదు. కుడిపాదం నేల మీద పూర్తిగా ఆనుతుంది, ఎడమకాలు అడుగు వేయబోతున్నట్టు వేళ్ళ మీద నిలుస్తుంది. ఎడమచేతిలో కడవ, ఎవరికో అందిస్తున్నట్టు ముందుకు చాచి ఉంటుంది. టిక్కెట్టు మీదా ఆవిడే, గేటు బోర్డు మీదా ఆవిడే. కాని ఆ ఫొటోల్లో కనబడనిది ఒకటుంది. కడవమ్మ వీపులోకి బొటనవేలంత ఇనుప ఊచ దిగి ఉంటుంది. నలభై ఏళ్ళ కిందట ఎవరో, బొమ్మ ఎంతకీ నిలబడకపోతే, వీపుకు కన్నం పెట్టి ఊచ బిగించి వెనక గోడకు కట్టేశారు.

ఆ ఏడు కొత్త హాలు కట్టారు. కడవమ్మను నట్టనడుమ, నాలుగువైపుల నుంచీ కనబడేలా పెట్టాలనుకున్నారు. తీరా చూస్తే ఊచ తుప్పుపట్టి ఉబ్బింది. కన్నం చుట్టూ వెంట్రుకవాసి పగులు కూడా కనబడింది. పాత వస్తువులకు వైద్యం చేసే ల్యాబ్ మేడం ఊచ తీసేయాల్సిందేనని తేల్చి చెప్పింది. ప్రారంభానికి మూడు వారాలే ఉంది.

"అయితే మెత్త మీద పడుకోబెట్టేద్దాం. పక్కన పెద్ద ఫొటో పెడదాం," అన్నారు క్యూరేటర్ గారు.

"పడుకోబెట్టడమేంటి సార్, ఆవిడకేమన్నా జ్వరమా?" నోరు జారింది మేకులక్క.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "మరి ఊచ లేకుండా మీరు నిలబెడతారా?"

"ఒకసారి చూస్తానండి."

"నలభై ఏళ్ళుగా పెద్దపెద్దవాళ్ళే చూశారమ్మా. మీరు మేకుల సంగతి చూడండి, చాలు."

గదిలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఆయన అన్నదానికి కాదు, వీళ్ళు నవ్వినదానికి ఆవిడకు ఒళ్ళు మండింది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న వంటింటి బల్ల మీద పక్కింటివాళ్ళ టేబుల్ ఫ్యాను విప్పి కూర్చున్నాడు. బజారులో నలభై ఏళ్ళపాటు తూకం కాటాలు బాగుచేసిన మనిషి. కొట్టు మూసేసి కూతురు దగ్గరికి వచ్చాక, వీధిలో ఎవరింట ఏది ఆగిపోయినా ఈ బల్ల మీదికే వస్తుంది. కూతురు జరిగిందంతా చెప్పింది. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టలేదు.

"ఎటు పడుతోంది?"

"ముందుకి. కొంచెం ఎడమకి. గోడ నుంచి ఊచ విప్పగానే అటే ఒరిగింది."

"ఎంత?"

"ఎంతంటే ఏం చెప్పను నాన్నా? పడుతోంది."

"డాక్టరు దగ్గరికెళ్ళి 'ఒంట్లో బాలేదు' అంటే మందిస్తాడా? ఎంతో తెలియకుండా ఏం చేస్తావు? పైనుంచి వేలాడదీయి. దాని పక్కనే గుండు కట్టిన దారం వదులు. ఫొటో తియ్యి. ఇంకోచోట పట్టుకుని మళ్ళీ వేలాడదీయి. రెండు గీతలూ ఎక్కడ కలిస్తే బరువంతా అక్కడున్నట్టు. అక్కణ్ణుంచి కిందికి గీత గియ్యి. పాదాల మధ్య పడిందా, నిలబడుతుంది. బయట పడిందా, బ్రహ్మదేవుడు పట్టుకున్నా పడుతుంది."

మర్నాడు పొద్దున్నే ల్యాబ్ మేడం దగ్గరుండి ఊచ తీయించింది. మెత్తటి పట్టీలు చుట్టి, గొలుసు కప్పీతో కడవమ్మను పైకెత్తారు. రెండుసార్లు వేలాడదీశారు, రెండు గీతలు గీశారు. బరువు పాదాలకు మూడు వేళ్ళ దూరాన, బయట పడింది.

"తేలిపోయింది కదక్కా. ఇది నిలబడే బొమ్మ కాదు," అంది ల్యాబ్ మేడం.

మేకులక్క వంగి బొమ్మ పాదాలకేసి చూసింది. కాలివేళ్ళకు గోళ్ళు, గోళ్ళకు అంచులు కూడా చెక్కాడే, అంత ఓపికున్నవాడు నిలబడని బొమ్మ చేస్తాడా? చేసినప్పుడు నిలబడే ఉంటుంది. తర్వాత ఎవరో ఏదో కదిపారు. ఏది?

పల్చటి తొడుగు వేసుకున్న వేళ్ళతో విగ్రహాన్ని తల నుంచి తడమడం మొదలుపెట్టింది. జుట్టు, మెడ, వీపు. బట్ట మడతలు ఒళ్ళంతా సన్నగా, వరసగా చెక్కి ఉన్నాయి. ఎడమ నడుము దగ్గర మాత్రం మడతలు చటుక్కున ఆగిపోయాయి. అరచేయంత చోట నున్నటి గుండ్రని చదును. అది అరుగుదల అనే అంతా అనుకుంటూ వచ్చారు. అరిగితే మడతలు పల్చబడుతూ పోతాయి. ఇవి గీత గీసినట్టు ఆగాయి. అక్కడ మడతలు చెక్కనే లేదు.

చెక్కక్కర్లేదు కనక చెక్కలేదు! ఎందుకంటే అక్కడ ఇంకేదో ఆని ఉండేది.

ఆవిడ వంగి కడవ కింది నుంచి తొంగి చూసింది. కడవ పొట్ట మీద, బొమ్మ ఒంటివైపు కూడా అంతే చదును.

"మేడం, ఈ చెయ్యి వేరే ముక్కా?"

"భుజం దగ్గర దండకడియం కింద అతుకుంది. అందరికీ తెలిసిందేగా."

"ఎక్స్‌రే తీయరా, మీకు పుణ్యముంటుంది."

మధ్యాహ్నానికల్లా ఎక్స్‌రే వచ్చింది. ల్యాబ్ మేడం దాన్ని వెలుతురు బల్ల మీద పెట్టి ఒక్క కేక వేసింది. "అక్కా, ఇటు రా!" భుజం లోపల చెయ్యి కూర్చునే గాడి ఖాళీగా ఉంది. చేతి కొస గాడిలో కూర్చోకుండా పక్కకు తిరిగి ఉంది. పాతకాలపు జిగురేదో మందంగా పోసి, అలాగే అతికేశారు.

ఇద్దరూ ఆ ఫిల్ము పట్టుకుని క్యూరేటర్ గారి గదికి వెళ్ళారు. ఆయన చాలాసేపు చూశారు. ఆ విగ్రహం దాహం తీరుస్తున్న స్త్రీ అని ఆయన ఒక పుస్తకమే రాశారు. అది అలమరలో ఎదురుగానే కనబడుతోంది.

"చెయ్యి తిరిగి నడుముకి వస్తుందంటారు," అన్నారు చివరికి.

"అవునండి. ఆవిడ ఎవరికీ నీళ్ళివ్వడం లేదు. కడవ చంకనేసుకుని తన దారిన పోతోంది."

ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. "ముప్పై పేజీలు రాశానమ్మా ఆ చెయ్యి మీద," అన్నారు. ఫిల్ము మేడం చేతికిచ్చి, "జిగురు కరిగించండి. నేనూ వచ్చి చూస్తాను," అన్నారు.

కరిగించడానికి నాలుగు రోజులు పట్టింది. ల్యాబ్ మేడం దూదిపుల్లలతో మందు అద్దుతూ, పిసరు పిసరుగా జిగురు తీసింది. అయిదో రోజు మేకులక్క ఒక చేత్తో కడవను, ఇంకో చేత్తో భుజాన్ని పట్టుకుని మెల్లగా తిప్పింది. చెయ్యి వెనక్కి జరిగింది. తాళం పడ్డట్టు లోపల 'టక్' మంది. కడవ వచ్చి నడుము మీద చదునులో, తల్లి చంకలో పిల్లలా ఒదిగి కూర్చుంది. మధ్యలో కాగితం కూడా దూరదు.

ఇక నిలబెట్టాలి. వర్క్‌షాపులో కాలు పెట్టే సందు లేదు. మొన్న నవ్వినవాళ్ళంతా వచ్చారు. చుట్టూ మందపాటి మెత్తలు పరిచి, మధ్యన చదునైన పలక మీదికి కడవమ్మను దించారు. పట్టీలు వదులు చేశారు. మేకులక్క మోకాళ్ళ మీద కూర్చుని విగ్రహం నడుముకు రెండు చేతులూ ఆనించింది.

"వదులుతున్నా," అంది.

ఆవిడ ఎడమచెయ్యి తీసింది. తర్వాత కుడిచెయ్యి వేలు వేలుగా తీసింది. అరచేతులు బెత్తెడు దూరంలో గాలిలో ఆపి, పది అంకెలు లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. కడవమ్మ కదల్లేదు. ఊచ లేదు, గోడ లేదు. నడుము కాస్త కుడికి వాల్చి, కడవ బరువును హాయిగా మోస్తూ, ఎడమకాలి వేళ్ళతో నేలను తాకి నిలబడింది. ఇన్నాళ్ళూ ఎవరినో బతిమాలుతున్నట్టుండే ముఖం, ఇప్పుడు చూస్తే తనలో తాను నవ్వుకుంటోంది.

మొదట చప్పట్లు కొట్టింది క్యూరేటర్ గారు. తర్వాత వర్క్‌షాపు రేకులు అదిరిపోయాయి. ల్యాబ్ మేడం మేకులక్కను గట్టిగా వాటేసుకుని ఏడ్చేసింది. మేకులక్కకు మాత్రం ఏడుపు రాలేదు. నవ్వు వచ్చింది, అదీ ఆపుకోలేనంత.

ప్రారంభం నాడు కొత్త హాలు కిటకిటలాడింది. ఎవరైనా తగిలినా పడకుండా అడుగున రెండు చిన్న ఇత్తడి పట్టీలు బిగించిందావిడ. అంతకు మించి ఆసరా లేదు. జనం చుట్టూ తిరిగి వీపువైపు నుంచి కూడా చూస్తున్నారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మూడుసార్లు ప్రదక్షిణం చేసి, గొంతుక్కూర్చుని పాదాల కిందికి చూశాడు.

"ఏమంటారు నాన్నా?"

"చేసినవాడికి తూకం తెలుసు," అన్నాడు. వెంటనే పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషిని పట్టుకుని, "మా అమ్మాయేనండీ నిలబెట్టింది," అన్నాడు. తర్వాత ఇంకొకర్ని. ఆ తర్వాత కాపలా అతన్ని.

క్యూరేటర్ గారు మైకు ముందుకు వచ్చారు. "ఈ విగ్రహం గురించి నేను రాసిన పుస్తకం తప్పు," అని మొదలుపెట్టారు. "తప్పని కనిపెట్టిన మనిషి అదిగో, స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. ఎలా కనిపెట్టారో ఆవిడ నోటనే వినండి. నేను కూడా అక్కడే కూర్చుని వింటాను."

ఆయన నిజంగానే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మేకులక్క చేతులు తుడుచుకుని మైకు దగ్గరికి నడిచింది. ఎప్పుడూ పదిమందిలో మాట్లాడిన మనిషి కాదు. కాని బొమ్మకేసి తిరిగేసరికి మాటలు వాటంతటవే వచ్చాయి.

"ఈ నడుము దగ్గర చూడండి," అని మొదలుపెట్టింది. వెనకవరసల వాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు, బాగా కనబడాలని.