రెండు బీట్లు

ఆదివారం మధ్యాహ్నాలు శంషాబాద్ విమానాశ్రయం దగ్గరి ఒక హోటల్ లాబీలో మేం జాజ్ వాయిస్తాం. విమానం ఆలస్యమైనవాళ్లు బిర్యానీ తింటూ వింటారు, అంటే వినరు. నాకు దాంతో పనిలేదు. ఇరవై ఏళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. నా పట్టింపల్లా లయ ఒక్కటే.

మా పాటకు ముప్పై రెండు బార్లు, అంటే ఆవర్తాలు; బారుకు నాలుగు బీట్లు. నేనొక్కణ్నే వాయించే సోలో కూడా అంతే పొడవు. అది రాగానే పియానో, బేస్ గిటార్ ఆగిపోతాయి. చేతులు అప్పటికప్పుడు తోచిందల్లా వాయిస్తాయి, ఎడమకాలు మాత్రం కిందున్న జంట తాళాలను తొక్కుతూ లయ నడపాలి. మిగతావాళ్లు మనసులో లెక్కపెట్టుకుని, ముప్పై రెండు బార్లు పూర్తికాగానే అందుకుంటారు. నా కాలు గడియారమని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ని.

ఆ రోజు మా గోవర్ధన్‌కు జ్వరం. బేస్ వాయించడానికి జీవన్ అనే కొత్తతను వచ్చాడు. సోలో ముగించి పెద్ద తాళం మీద గట్టిగా కొట్టాను. శిరీష పియానో వెంటనే అందుకుంది. జీవన్ రెండు బీట్లు ఆలస్యంగా వచ్చాడు. పాట కుంటింది, నాకు ఒళ్లు మండింది. విరామంలో అందరి ముందూ అతన్ని కడిగేశాను. లెక్కపెట్టడం రానివాడికి బేస్ ఎందుకన్నాను. అతను తల వంచుకుని తీగలు తుడుచుకున్నాడు.

పదేళ్లుగా నాతో వాయిస్తున్న శిరీష నన్ను కారిడార్‌లోకి పిలిచింది.

"వీరేందరన్నా, ఆయన లెక్క కరెక్టే. చేతులు జోరందుకుంటే నీ కాలు మధ్యల రెండు బీట్లు మింగుతున్నది. ఏడాది సంది గిట్లనే. నేను, గోవర్ధనన్న లెక్క చూస్తలేం. నీ చెయ్యి పెద్ద తాళం మీదికి లేస్తే గప్పుడే వస్తున్నం."

నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు కొట్టుడే బంద్ చేస్తవని భయం."

నేను నమ్మలేదు. నమ్మాలనిపించలేదు. తర్వాతి పాటలో కళ్లు మూసుకుని లెక్కతోనే రమ్మన్నాను. సరేనంది.

ఈసారి జాగ్రత్తగా వాయించాను. కాలు మీదే ధ్యాస పెట్టాను. కాసేపటికి చేతులు ఎప్పటిలాగే నన్ను లాక్కుపోయాయి. చివర పెద్ద తాళం కొట్టాను. పియానో రాలేదు. శిరీష కళ్లు మూసుకునే ఉంది. ఆమె చేతులు పియానో మెట్ల మీద పడేసరికి సరిగ్గా రెండు బీట్లు గడిచాయి.

బేస్ మాత్రం నాతోనే వచ్చింది. జీవన్ నా చెయ్యి చూసి వచ్చాడు.

పాట అయ్యాక దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "అన్నా, ఇప్పుడు కరెక్ట్ వచ్చిన్నా?"

సిగ్గుతో చచ్చిపోయాను. సరిగ్గా ఉన్న మనిషిని గంటలో చెడగొట్టాను.

"లేదు తమ్మీ. మొదటిపాటల వచ్చినవ్ చూడు, గదే కరెక్ట్. తప్పు నాది."

తర్వాతి పాటలో నా సోలో తీసెయ్యమని శిరీషతో చెప్పాను. ఆమె వద్దనలేదు.