పిచ్చిమొక్క లేని పచ్చిక

ఆ పెరట్లో రెండు పెంటకుప్పలుండేవి. ఒకటి బావది, ఒకటి బావమరిదిది. ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని కూడా కుప్ప అనడానికి బావకు మనసొప్పేది కాదు.

బావ లేత్ మిషను మీద పనిచేసే మనిషి. వర్క్‌షాపులో ఆయన నున్నగా తిప్పి ఇచ్చిన కడ్డీని మళ్ళీ కొలిచి చూసే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన కుప్ప కూడా అలాగే ఉండేది. నాలుగు పక్కలా పాత తలుపు చెక్కలు, అడుగున గాలి ఆడడానికి ఎండుపుల్లలు, పైన ఒక పొర పేడ, ఒక పొర రాలిన ఆకులు, కోసిన గడ్డి, మళ్ళీ పేడ. అన్నిటి మీదా తడిపిన గోనెపట్టా. ఆదివారం ఆదివారం పారతో కిందది పైకి, పైది కిందికి తిరగేసేవాడు. మధ్యలో చెయ్యి దూరిస్తే జ్వరం వచ్చిన ఒంటిలా కాలేది. ఆ వేడి తగ్గి, చివికి, నల్లబడ్డాక పిడికిట్లోకి తీసుకుంటే టీపొడిలా రాలేది. వాసనంటారా, వాన పడ్డ మట్టి వాసన. అంతే.

బావమరిది దుకాణాలకు సైన్‌బోర్డులు రాసేవాడు. అక్కగారింట్లో మేడమీద గదిలో ఉండేవాడు. అతని చొక్కా మీద ఎప్పుడూ నాలుగు రంగుల మరకలుండేవి. అతని కుప్ప వంటింటి చెత్తబుట్ట బోర్లించిన చోటు తప్ప మరొకటి కాదు. కూరగాయల తొక్కలు, గుడ్డు పెంకులు, వాడేసిన టీపొడి, అక్క కుట్టుమిషను కింద ఊడ్చిన దారప్పోగులు, ఆ పోగుల్లో బొత్తాలు. ఫోన్లో ఎవడో చెప్పాడని ఒకసారి విరిగిన పాలు కూడా పోశాడు. దాంతో ఊళ్ళో ఉన్న ఈగలన్నీ చుట్టపుచూపుగా వచ్చి అక్కడే ఉండిపోయాయి. వాటికి తోడు ఆ కుప్పలోంచి పిలవకుండానే టమాటా మొక్కలు మొలిచి, పచ్చగా, సిగ్గులేకుండా పెరిగేవి.

"నాదీ ఎరువే, మీదీ ఎరువే బావా. పేరొకటేగా," అన్నాడోసారి బావమరిది, పళ్ళు తోముకుంటూ.

"పేరుదేముంది. మనిద్దర్నీ కూడా మనుషులనే అంటున్నారు," అన్నాడు బావ.

ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడితే ఇదీ వరస.

లోకంలో ఆయన మెచ్చుకునే మనిషి ఒక్కడే, పేడ ఇచ్చే డైరీ యజమాని. ఆ డైరీ వెనక ఆవులు మేసే పచ్చిక ఉంది. బావ మొదటిసారి పేడ బస్తాలు కట్టుకోవడానికి వెళ్ళినప్పుడు కంచె పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. గడ్డంటే గడ్డే. దువ్వెన పెట్టి దువ్వినట్టుంది. మచ్చుకైనా ఒక పిచ్చిమొక్క లేదు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, అడగకుండానే ఆ సంగతి చెప్పాడంటే అది ఆయన మనసుకు ఎంత పట్టిందో చూడండి.

"శుభ్రమంటే అదీ. కొందరికి పెంట మీద కూడా కలుపే," అన్నాడు, బావమరిది కంచం వైపు చూస్తూ.

"మధ్యలో నా కంచమేం చేసింది బావా," అన్నాడు బావమరిది.

పెరటి నేల మాత్రం ఇద్దరి మాటా వినలేదు. ఇల్లు కట్టినవాళ్ళు వదిలేసిపోయిన ఇటుక ముక్కలు, సున్నం పెళ్ళలు, గట్టిపడ్డ సిమెంటు ఉండలు. పార వేస్తే ఠంగుమనేది. బావ వాటిని ఏరాడు, జల్లించాడు, తన ఎరువు పోసి కలిపాడు. అంతకుముందు వేసిన పంటలు రెండూ మొలకెత్తి మొలకెత్తకుండానే ముడుచుకుపోయాయి. వాన పడితే ఆ బురదంతా వంటింట్లోకి వచ్చేది. అది తుడిచేది ఆయన భార్య. ముందుగదిలో బట్టలు కుడుతుందామె. కొత్త గుడ్డ మీద బురద చెయ్యి పడితే గుడ్డ ఇచ్చినవాళ్ళ చేత మాట పడాల్సింది కూడా ఆమే.

"ఇదే ఆఖరండీ," అందామె, దారం పళ్ళతో కొరికి. "ఈసారి కూడా పండకపోతే మేస్త్రీని పిలిచి మొత్తం సిమెంటు చేయించేస్తా. బట్టలారేసుకోను చోటైనా ఉంటుంది."

పొద్దంతా ఇనుమును చెక్కే బావ చేతులకి సాయంత్రం ముట్టుకోవడానికి మెత్తగా ఉండేది ఆ మట్టి ఒక్కటే. ఆ మాట పైకి అనే అలవాటు ఆయనకు లేదు. అన్నా తను వింటాడేమో గానీ వేరొకళ్ళు వినరని ఆయన నమ్మకం.

ఈసారి కుప్పలోని ఎరువు చాలావరకు తెచ్చి దట్టంగా పరిచి, కలిపి, చిక్కుడు గింజలు పెట్టాడు. గింజలు మొలిచాయి. చక్కగానే మొలిచాయి. ఆయన డ్యూటీకి వెళ్ళిన ఒక పూట బావమరిది, సాయం చేద్దామనుకుని, తన కుప్పలోంచి ఒక బకెట్టు తీసుకొచ్చి మడి మూలన కుమ్మరించాడు. సాయంత్రం వచ్చిన బావ మడిలో ఒక గుడ్డు పెంకు, ఒక నీలం బొత్తం చూశాడు. వేళ్ళ చివర్లతో ఎత్తి, చచ్చిన ఎలుకను పారేసినట్టు గోడవతల పారేశాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే చిక్కుడాకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. పురుగు లేదు, మచ్చ లేదు. లేత చిగుళ్ళు మెలిపెట్టిన దారంలా తిరిగిపోయి, ఆకులు విచ్చుకోకుండా పిడికిళ్ళు బిగించాయి.

"చూశావా నీ నిర్వాకం," అన్నాడు బావ. "పులిసిన పెంట పోశావు. వేర్లు మాడిపోయాయి."

"నేను పోసింది మూలన బావా. మడంతా ముడుచుకుంది."

"రోగం మూలనుంచే మొదలవుతుంది."

బావమరిది అక్క వైపు చూశాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక మొక్క పీకి చూసింది.

"మీ ఇద్దరి గొడవా నాకొద్దు. ఇది నేల తప్పు. ఇందులో ఏం పోసినా ఇంతే. రేపు మేస్త్రీకి కబురు చేస్తా."

బావ అడ్డం చెప్పాడు. పది రోజులు ఆగమన్నాడు. తప్పు నేలది కాదని, వాడి పెంటదేనని రుజువు చేసి చూపిస్తానన్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం చూసి ఆమె ఆగింది.

స్నానాలగది వెనక బావమరిది పడేసిన ఖాళీ పెయింటు డబ్బాలుంటే బావ తీసి, శుభ్రంగా కడిగి, అడుగున మేకుతో కన్నాలు పొడిచాడు. వీధి చివర గుంట తవ్విన చోటు నుంచి మంచి మట్టి తెచ్చాడు. ఒక డబ్బాలో ఉత్త మట్టి. ఒకదాంట్లో మట్టీ, బావమరిది పెంటా. పోల్చి చూపించడానికి ఉండాలి గదా అని ఇంకొకదాంట్లో మట్టీ, తన ఎరువూ. మూడింట్లోనూ చిక్కుడు గింజలు పెట్టి, స్నానాలగది వెనకే వరసగా ఉంచి, ఏది ఏదో డబ్బా మీద మేకుతో గీతలు గీశాడు. బావమరిది పెంట జల్లిస్తున్నప్పుడు ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. వాసన పెద్దగా రాలేదు. అయినా విప్పలేదు.

మొలకలొచ్చాయి. బావమరిది డబ్బాలోవి ముందు లేచాయి. ఆకులు అరచేతుల్లా విచ్చుకున్నాయి. ఉత్త మట్టిలోవి కాస్త సన్నగా వచ్చినా, బాగానే వచ్చాయి. బావ డబ్బాలోవి లేచి, రెండాకులేసి, పిడికిళ్ళు బిగించాయి.

డబ్బాలు తారుమారయ్యాయేమోనని గీతలు చూసుకున్నాడు. ఆ గీతలు గీసింది తనే. తను గీసిన గీత తప్పనడం జన్మలో ఆయనకు చేతకాదు. అక్కడే, తడి గోడకు వీపు ఆనించి కూర్చుండిపోయాడు.

తన కుప్పలో ఉండి వాడి కుప్పలో లేనిదేమిటని తలుచుకుంటే ముందు పేడే గుర్తొచ్చింది. మర్నాడు పని నుంచి తిన్నగా డైరీకి పోయాడు. యజమాని పాల క్యాన్లు కడిగిస్తున్నాడు.

"మీ పచ్చికలో కలుపు ఎవరితో పీకిస్తారు?" అనడిగాడు బావ.

"పీకడమేంటండీ. మందు కొట్టిస్తాం. వెడల్పాకు మొక్క ఏదున్నా చుట్టుకుపోయి చస్తుంది. గడ్డిని మాత్రం ముట్టుకోదు."

"ఆవులు తింటాయిగా?"

"తింటాయి. వాటికేం కాదు. తిన్నది తిన్నట్టు వెనకనుంచి వెళ్ళిపోతుంది."

"ఎక్కడికి వెళ్ళిపోతుంది?"

యజమాని క్యాను కడిగిస్తూ ఆగి, ఆయన మొహంలోకి చూశాడు. "పేడలోకే. మీరు కూరగాయలకని ఎప్పుడూ అనలేదే. వచ్చారు, పచ్చికను మెచ్చుకున్నారు, బస్తాలు కట్టుకున్నారు. నా దగ్గర పేడ తీసుకెళ్ళేవాళ్ళంతా మొక్కజొన్న వేస్తారు. అదీ గడ్డిజాతే కదా, దానికేం కాదు. ఎండకీ వానకీ ఆ మందు మట్టిలో మెల్లగా విరిగిపోతుంది. ఏడాది ఓపిక పడితే తర్వాత ఏదైనా పండుతుంది."

బావ కంచె దగ్గరికి నడిచాడు. పచ్చిక మునుపటిలాగే ఉంది. దువ్వినట్టు, నున్నగా, ఒక్క తప్పు లేకుండా. అన్నాళ్ళూ తను శుభ్రమనుకుని మురిసిపోయింది దీన్ని చూసే. ఆయన కంచె అవతలికి ఉమ్మేసి, సైకిలెక్కాడు.

ఇంటికి చేరేసరికి గేటు దగ్గర ఇసక కుప్ప, సిమెంటు బస్తాలు ఉన్నాయి. ఆమెను అడిగి పెట్టించుకున్న పది రోజుల గడువు అయిపోయింది.

పొద్దున్నే తాపీమేస్త్రీ వచ్చి, పెరట్లో ఈ చివరనుంచి ఆ చివరకు తాడు లాగి, మేకులు కొట్టాడు. చిక్కుడు మొక్కల మీదుగానే నడిచాడు. అవి నడవడానికి అడ్డమేమీ కాలేదు. గేటు దగ్గర సిమెంటు కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. భార్య గుమ్మంలో నిలబడింది. బావమరిది మెట్ల మీద టీ గ్లాసుతో కూర్చున్నాడు. బావ పెరటి మధ్యలో, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"పోనీలెండి బావా," అన్నాడు బావమరిది మెత్తగా. "మీ తప్పూ కాదు, నా తప్పూ కాదు. నేలే మంచిది కాదు. మీరు మాత్రం ఏం చేస్తారు."

బావకు ఆ జాలి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. నోరు మూసుకుంటే సరిపోతుంది. నేల మంచిది కాదంటే ఎవరి పరువూ పోదు. మధ్యాహ్నానికి అంతా నున్నగా, గట్టిగా, ఒక్క పిచ్చిమొక్క లేకుండా అయిపోతుంది. ఆయన ఆ మాట తలుచుకున్నాడో ఏమో, మొహం అదోలా పెట్టాడు. వంగి, మేస్త్రీ కొట్టిన మేకు పీకేశాడు.

"నేలకేం లేదు," అన్నాడు. "నా ఎరువులో విషముంది."

మేస్త్రీ చేతిలో తాడు వదులైంది.

"డైరీవాడు పచ్చికకి మందు కొడతాడు. అది పేడలో వచ్చింది. నేనే తెచ్చి, ఆకుల్లో మాగేసి, పద్ధతిగా పోశాను. మూడుసార్లూ. వీడి పెంటలో వేసిన చిక్కుడు స్నానాలగది వెనక ఉంది, పోయి చూడండి." కషాయం మింగినట్టు మింగి అన్నాడు. "బావుంది."

భార్య చూసొచ్చింది. వచ్చి భర్త మొహంలోకి చాలాసేపు చూసింది.

"అంటే ఇన్నాళ్ళూ మీరు మందు పోసి చంపుతుంటే, నేను ఆ బురద కడుగుతూ కూర్చున్నానన్నమాట."

"ఆ."

"పైగా వాడిని తిట్టారు."

"అది దీనికోసమే కాదులే," అన్నాడు బావ.

బావమరిది నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు.

"ఏమంటారమ్మా," అన్నాడు మేస్త్రీ. "కలిపిన సిమెంటు మీ మాటలయ్యేదాకా ఆగదు."

ఆమె పెరడంతా ఒకసారి చూసింది. "ఆ కుళాయి కింద బట్టలుతుక్కోను గట్టు వెయ్యండి, చాలు. వంటింటి గుమ్మానికి ఒక అడుగు ఎత్తు కట్టండి. బురద రాకుండా." తర్వాత భర్త వైపు తిరిగింది. "ఆ విషం ఎన్నాళ్ళుంటుందట?"

"ఏడాది. మొక్కజొన్న వెయ్యొచ్చు. దానికేం కాదు."

"ఏడాది ఆగుతా. ఎరువు మాత్రం మీరు చేసింది కాదు."

అలా ఆ పెరట్లో మొక్కజొన్న లేచింది, నిటారుగా, ఎవరి తప్పూ పట్టించుకోకుండా. బావ తన చెక్కల పెట్టెను ఖాళీ చేశాడు. డైరీ వైపు మళ్ళీ పోలేదు. అందులో ఇప్పుడు రాలిన ఆకులతో పాటు వంటింటి తొక్కలు పడుతున్నాయి, గోనెపట్టా కింద, పొరలు పొరలుగా. మందు పడని తమ ఇంటిముందు గడ్డి తప్ప బయటి గడ్డిని అందులోకి రానివ్వడు. బావమరిది పాత కుప్పను మాత్రం సాయంత్రాలు తనే కూర్చుని జల్లెడ పడతాడు. రుమాలు కట్టుకునే పడతాడు. జల్లెడలో మిగిలిన బొత్తాల్ని ఏరి, కడిగి, పిట్టగోడ మీద వరసగా పెడతాడు. భార్య వాటిలో పనికొచ్చేవి తీసుకెళ్ళి కుట్టేస్తుంది.

ఒక సాయంత్రం బావమరిది మెట్లు దిగుతూ ఆగాడు.

"ఎలా ఉంది బావా నా పంట?"

బావ జల్లెడ దులిపి, అందులోకి చూసి, పెదవి విరిచాడు.

"బొత్తాలు బాగా పండాయి," అన్నాడు.