రెప్పపాటు కనికరం

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. పిల్లలు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని, నాలుక కొస బయటపెట్టి, రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్లతో నొక్కి చంపుతుంటారే, ఆ వస్తువుని. నన్ను చూసి "ఆటబొమ్మేగా" అనేవాళ్లున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఈ ఆటబొమ్మ చుట్టూ ఎంత వ్యాపారం నడుస్తుందో, దాని కోసం కోటూ బూటూ వేసుకున్న పెద్దమనుషులు ఎలా కాట్లాడుకుంటారో వాళ్లకేం తెలుసు పాపం.

నా పుట్టుక గొప్పగా చెప్పుకునేది కాదు. చైనాలో ఏదో ఊళ్లో, నాలాంటివి వేలకి వేలు వరసగా కదిలిపోతుంటే మధ్యలో నేనొకదాన్ని. ఒకమ్మాయి నా పొట్టకి మరలు బిగించి, బటన్లన్నీ ఓసారి నొక్కి చూసి, అట్టపెట్టెలోకి తోసేసింది. ఓడెక్కి విశాఖపట్నం వచ్చి, జగదాంబ సెంటర్ దగ్గర ఓ దుకాణంలో పై అరలో కూర్చున్నాను. నా పక్కన పేరుమోసిన కంపెనీల కంట్రోలర్లు ఉండేవి. అడిగినవాళ్లందరికీ వాటినే చూపించేవారు. "ఇంతకంటే చవకలో ఏదైనా ఉందా?" అని గొంతు తగ్గించి అడిగినవాళ్లకి మాత్రం నన్ను దించేవారు. అలా అడిగి నన్ను ఇంటికి తీసుకెళ్లినవాడు భానోజీ.

ఇల్లంటే ఇల్లు కాదు. ఎం.వి.పి. కాలనీలో ఓ పిండిమర మీద రెండు గదులు. భానోజీ బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం వదిలేసి, వీడియో గేములు తయారుచేస్తానని ఆ గదులు అద్దెకి తీసుకున్నాడు. కంపెనీకి "గవ్వ" అని పేరు పెట్టాడు, అష్టాచెమ్మాలో వేసే గవ్వ. ఇంటి ఓనరు "పేకాట క్లబ్బు కాదు కదా బాబూ?" అని పదేపదే అడిగి, అప్పటికీ నమ్మకం కుదరక వారానికోసారి వచ్చి తొంగి చూసి వెళ్లేవాడు. కింద మర తిరిగితే పైన బల్లలన్నీ వణికేవి. శనగపిండి వాసన మెట్లెక్కి వచ్చేది. మినపపిండి ఆడించిన రోజున అందరి జుట్టూ నెరిసిపోయేది. ఇప్పుడు నేనుండేది అద్దాల మేడలో, ధూళన్నది కనపడదు. అయినా ఆ శనగపిండి వాసన కోసం ప్రాణం కొట్టుకుంటుంది, నాకు ప్రాణం ఉందనుకుంటే.

వాళ్లు తయారుచేస్తున్న ఆట పేరు "రేవుపిల్లి". చందువ అనే పిల్లి ఫిషింగ్ హార్బరులో పడవ మీంచి పడవ మీదకి దూకుతూ, చేపలు కొట్టేస్తూ, వలల్లో చిక్కకుండా అవతలి గట్టు చేరాలి. అంతే కథ. లెక్కలు చూసే అవతారంగారికి మొదట్నించీ ఇది ఇష్టం లేదు. "పొద్దున్నే పిల్లి మొహం చూడ్డవేటండీ, శకునం బాగోదు. కుందేలుని పెట్టండి" అనేవారు. "కుందేలు చేపలు తినదు బాబాయిగారూ" అనేది ప్రసూన.

ఆట ఎలా ఆడాలో, పిల్లి ఎంత ఎత్తు ఎగరాలో, ఎక్కడ పడాలో నిర్ణయించేది ఈ ప్రసూనే. ఆఫీసు మొత్తానికి కంట్రోలర్‌ని నేనొక్కదాన్నే, అందుచేత రోజంతా ఆమె చేతిలోనే ఉండేదాన్ని. నా మీద చాలామంది చేతులు పడ్డాయి గానీ, ఆమె కుడి బొటనవేలు లాంటిది మరొకటి చూడలేదు. కోపం వస్తే నొక్కేది, ఆలోచిస్తే నిమిరేది. నా కింది బటన్ దూకడానికి. దానిమీద రాసున్న గుర్తు ఆమె నిమురుడికే అరిగిపోయింది.

మొదటి దసరా వచ్చింది. ఆయుధపూజ చెయ్యాలన్నారు అవతారంగారు. ఆఫీసులో ఆయుధాలేవంటే కంప్యూటర్లు, కుర్చీలు, నేను. కంప్యూటర్ల మీద నీళ్లు పడితే ప్రమాదమని అందరూ అడ్డంపడ్డారు. ఆయన భక్తంతా నా మీదకి మళ్లింది. నాలుగు బటన్లకీ చిక్కటి గంధం అద్ది, దానిమీద కుంకుమ దిట్టంగా పెట్టి, హారతిచ్చి, పులిహోర నైవేద్యం పెట్టారు. పూజయ్యాక భానోజీ ప్రసాదంతో పాటు అందరికీ కంపెనీలో కొన్ని వాటాలు రాసిచ్చాడు. బోనస్ ఇచ్చే తాహతు లేదు మరి. "గవ్వ మనందరిదీ" అన్నాడు. ఆ తరవాత ప్రతి దసరాకీ అదే ఆనవాయితీ అయింది. పులిహోర తిని చేతులు కడుక్కున్నాక తలా కాసిని వాటాలు. ఆ రోజుల్లో వాటాల కంటే పులిహోర కోసమే ఎక్కువ పోటీ ఉండేది.

నా బటన్లు తుడిచారు గానీ సందుల్లోకి దిగిన గంధాన్ని ఎవరు చూస్తారు? అది ఎండి, కుంకుమతో, పిండిమర ధూళితో కలిసి గట్టిపడింది. కింది బటన్ బిగిసింది. నొక్కితే దిగేది, కానీ నింపాదిగా, పెళ్లివారింట్లో పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నట్టు దిగేది. ప్రసూన సరిగ్గా పడవ అంచున నొక్కేది. నేను ఆ సంగతి చేరవేసేలోపు చందువ అంచు దాటి నీళ్లలో పడేది.

ఆ పిల్ల నన్ను ఒక్కనాడూ అనుమానించలేదు. తప్పు తనదే అనుకుంది. "ఆట మరీ కఠినంగా ఉంది, ఎవరు ఆడతారు దీన్ని?" అని దిగులుపడింది. చివరికి పిల్లికి ఒక వరం ఇచ్చింది. కాలు పడవ అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయినా సరే, ఒక్క రెప్పపాటు వరకు దూకడానికి అవకాశం ఉంటుంది. ఒక్కో పడవకీ, ఒక్కో అలకీ ఆ రెప్పపాటు ఎంతుండాలో నన్ను పట్టుకుని ఆడి ఆడి సరిచేసింది. దానికి "కనికరం" అని పేరు పెట్టింది. ఇక ఆఫీసులో అదే మాట. "ఈ పడవకి కనికరం ఎంత పెట్టావు?" "కొంచెం కనికరం పెంచమ్మా, మరీ చచ్చిపోతున్నాను."

ఆట విడుదలకి ముందు ఎవరో కొత్త కంట్రోలర్ తెచ్చారు. దానితో ఆడితే అసలు గుట్టు బయటపడింది. కొత్తదాని బటన్ నొక్కగానే పలుకుతోంది. పిల్లి గాల్లో రెండడుగులు వేసి మరీ దూకుతోంది! నా బటన్ విప్పి చూస్తే గంధం. అవతారంగారు తలొంచుకున్నారు. ప్రసూన మొహం కందిపోయింది. "ఇది తప్పండీ, తీసేస్తాను" అంది. భానోజీ కొత్త కంట్రోలర్ తీసుకుని కాసేపు ఆడాడు. అంచు దాటేసి, పని అయిపోయిందనుకుని నొక్కాడు. చందువ గాల్లోంచి లేచి పడవెక్కింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఉండనీ ప్రసూనా. బతుకులో ఎలాగూ ఈ సౌకర్యం లేదు. ఆటలోనైనా ఉండనీ" అన్నాడు.

అలా ఉండిపోయింది, నా బటన్ సందుల్లో గంధం కూడా. ఆట ఫోన్లలోకి కూడా వచ్చి జనానికి ఎక్కింది. బస్సుల్లో, ఆస్పత్రి వరండాల్లో, పరీక్షలకి చదవాల్సిన గదుల్లో చందువ దూకింది. ఎందుకు బాగుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. "పోయిందనుకున్నాక కూడా పోదండీ, అదే బాగుంటది" అందట ఒక నర్సమ్మ. గవ్వ పేరు మోగింది. పిండిమర మీంచి పెద్ద ఆఫీసుకి మారాం. వాటాలు బజారులోకి కూడా వెళ్లాయి, ఎవరైనా కొనొచ్చు, ఎవరైనా అమ్మొచ్చు. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

బొంబాయి నించి మెరిడాక్స్ అనే పెద్ద కంపెనీవాళ్లు మిఠాయి పెట్టెతో వచ్చి గవ్వని అమ్మమన్నారు. భానోజీ మిఠాయి ఉంచుకుని మాట తిప్పి పంపేశాడు. ఆటలు తయారుచేసేవాళ్లకి ఒక జబ్బుంటుంది. శత్రువు ఆఖరి అంకంలో, పెద్ద సంగీతంతో, ఎదురుగా వచ్చి నిలబడతాడని నమ్ముతారు, ఎందుకంటే వాళ్ల ఆటల్లో శత్రువు అలాగే వస్తాడు కాబట్టి. భానోజీ కూడా ఆ రోజు కోసం కాచుకున్నాడు. మెరిడాక్స్ బజారులో దొరికిన వాటాలు కొంటూ చాప కింద నీరులా వచ్చింది. గవ్వలో పనిచేసేవాళ్లకి విడివిడిగా, గుట్టుగా ఫోన్లు చేసి, బజారు రేటుకి మించి ఇస్తామంది. ప్రతివాడూ ఒకటే అనుకున్నాడు, నావి గుప్పెడు వాటాలు, నావి పోతే కంపెనీ పోతుందా ఏమిటి? ఎవడికివాడు పక్కవాడికి తెలియకుండా అమ్ముకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు.

వాటాదారుల సమావేశానికి భానోజీ నన్ను కూడా తీసుకెళ్లాడు, కొత్త ఆట చూపిద్దామని. చూపించే అవకాశం రాలేదు. కంపెనీని నడిపే అధికారం మెరిడాక్స్‌కి ఇవ్వాలా అని అడిగితే, తమ వాటాలు ఎప్పుడో అమ్ముకున్న మనవాళ్లంతా చెయ్యెత్తడానికి హక్కు లేక నేల చూపులు చూశారు. అమ్మకుండా మిగిలినవాళ్లు భానోజీ, ప్రసూన. అవతారంగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయనా అమ్మారని భానోజీకి అప్పుడే అర్థమైంది. భానోజీ బొటనవేలు బల్ల కింద నా దూకే బటన్ మీద పడింది. నొక్కాడు, నొక్కాడు, నొక్కుతూనే ఉన్నాడు. నా తీగ దేనికీ తగిలించి లేదు. నాకు ఏడుపొచ్చింది.

భానోజీ వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలోకి తనూజ్ అనే కుర్రాడు వచ్చాడు. మనవాడే, తెనాలి వైపువాడు, కానీ తెలుగు కూడా ఇంగ్లీషులో మాట్లాడేవాడు. వచ్చిన వారంలోనే ప్రసూనని పిలిచాడు.

"ప్లేయర్ అసలు పడట్లేదండీ. పడకపోతే డబ్బు పెట్టి ఇంకో లైఫ్ ఎందుకు కొంటాడు? ఆ కనికరం అనే సెట్టింగ్ జీరో చేసెయ్యండి."

"పడినా ఆట చేయందిస్తుందన్న నమ్మకంతోనే ఆడతారండీ జనం. అది తీసేస్తే పిల్లి మిగుల్తుంది, ఆట మిగలదు."

"మీరు చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారు."

"చేయించుకోండి. నా చేత్తో మాత్రం చెయ్యను" అని లేచింది.

వెళుతూ వెళుతూ నన్ను సంచిలో వేసుకోబోయింది. గేటు దగ్గర ఆపారు. నా వీపు మీద కంపెనీ ఆస్తి అని నంబరు చీటీ ఉంది. అంటించింది అవతారంగారే, కొత్త యజమానుల ఆజ్ఞ మీద. ఆమె ఆయన వంక చూసింది. ఆయన గోడ గడియారం వంక చూశారు. నన్ను బల్ల మీద పెట్టి, బటన్ని ఓసారి నిమిరి, మెట్లు దిగిపోయింది.

కనికరం తీసేశారు. కొన్నాళ్లు డబ్బు బాగానే వచ్చింది. తరవాత జనం విసుగెత్తి ఒక్కొక్కరే మానేశారు. మెరిడాక్స్ అప్పటికే ఆట మొత్తాన్ని తమ పద్ధతిలో తిరగరాసింది. పాతది దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. కనికరం మళ్లీ పెట్టి చూశారు, ఎక్కువ పెట్టారు, తక్కువ పెట్టారు. "ఇది మా చందువ కాదు" అన్నారు ఆడేవాళ్లు. మనుషులు పిల్లిని కొంటారు, పిల్లి నడకని కొనలేరు.

ఈలోగా నాకు పెద్ద గౌరవం జరిగింది. రుషికొండ మీద కట్టిన కొత్త ఆఫీసులో, వచ్చేపోయేవాళ్లు చూసేలా ముందు గదిలో అద్దాల పెట్టె చేయించి, నన్ను పట్టుగుడ్డ మీద కూర్చోబెట్టారు. కింద ఇత్తడి పలక, రేవుపిల్లిని సృష్టించిన కంట్రోలర్ అని. చవకరకం పుట్టుక పుట్టినదానికి ఇంతకంటే ఏం కావాలి!

మొన్న దసరా ముందర ప్రసూన వచ్చింది. తనూజే పిలిపించాడు, పాత కనికరం మళ్లీ కుదిర్చి పెట్టమని. తనని గెంటినవాళ్ల కోసం కాదు, చందువ కోసం వచ్చిందని ఆమె నడకలోనే తెలిసింది. జుట్టులో అక్కడక్కడ తెలుపు, ఈసారి పిండి కాదు.

"లెక్కలేం గుర్తులేవు. ఆ కంట్రోలర్ ఇవ్వండి, పట్టుకుంటే నా వేలికే తెలుస్తుంది" అంది.

అద్దం తెరిచారు. ఆ చెయ్యి నన్ను పట్టుకుంది. ఎన్నాళ్లకి! కుడి బొటనవేలు దూకే బటన్ మీదకి వచ్చింది, నిమిరింది, నొక్కింది. టక్కుమంది.

ఆమె మళ్లీ నొక్కింది. టక్కు.

"దీన్నేం చేశారు?"

"స్పిరిట్‌తో లోపలంతా డీప్ క్లీన్ చేయించాం మేడమ్. బ్రాండ్ న్యూ!" అన్నాడు తనూజ్ గర్వంగా.

ప్రసూన మొదట నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీక్కావలసింది తుడిచేశారండీ. ఇంక నా వల్ల కాదు" అని నన్ను పట్టుగుడ్డ మీద పెట్టేసింది. అతనికి అర్థం కాలేదు. ఇంతలో ఫోనొస్తే మాట్లాడుకుంటూ లోపలికి పోయాడు.

పెట్టెకి తాళం వెయ్యడానికి వచ్చినవారు అవతారంగారు. మనిషి బాగా వంగిపోయారు.

"పాపా, ఆనాడు నా వాటాలు నేను..."

"తెలుసు బాబాయిగారూ."

"గుప్పెడే కదా, ఏటవుతుందిలే అనుకున్నానమ్మా. మా ఇంటిది చెబుతూనే ఉంది, ఒద్దని. వినలేదు. ఇంకిప్పుడేటుంది, అయిపోయింది కదా."

ప్రసూన నా వంక ఓసారి చూసింది. తరవాత సంచి భుజానికి తగిలించుకుంది.

"పిండిమర మీద అవే గదులు మళ్లీ అద్దెకి తీసుకున్నాం, నేనూ భానోజీగారూ. ఓనరు ఇప్పుడు కూడా పేకాటా అని అడిగాడు. కొత్త ఆట, కొత్త కంట్రోలరు" అంది. "దసరాకి వచ్చి పూజ చెయ్యాలి మీరు. గంధం కొంచెం చిక్కగానే కలుపుకురండి."

అవతారంగారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు. ఎంతసేపటికో "వస్తానమ్మా" అన్నారు. అప్పటికే ఆమె గేటు దాటేసింది. అయినా ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యూపింది.

ఆయన అద్దం మూసి తాళం వేశారు. దసరా నాడు సెలవు పెట్టారని విన్నాను. నేనిక్కడే ఉన్నాను, శుభ్రంగా, తళతళలాడుతూ. ఇప్పుడు నొక్కగానే పలుకుతాను, రెప్పపాటు కూడా ఆలస్యం చెయ్యను. నొక్కేవాళ్లే లేరు.